గుమ్మం బయట నిలబడ్డవాడు

పలాస స్టేషన్‌లో ఇందుమతి బంతిపూల దండ ఒక బట్టతల పెద్దాయన మెడలో వేసింది. మారిషస్ నుంచి తెలుగు సంఘం నాయకుడు వస్తున్నాడన్నారు. నాయకుడంటే ఆ మాత్రం వయసుండదా!

పెద్దాయన ముసిముసిగా నవ్వుకుంటూ దండతోనే టెక్కలి బస్సెక్కేశాడు.

"క్షమించండి, ఆ దండ నాది," అన్నారెవరో వెనక నుంచి. భుజాన బ్యాగు, ముప్పై కూడా నిండని నవ్వుమొహం. "నేను గోవింద్ సన్యాసయ్య. మిక్కిలి ఆకలిగా ఉన్నది."

"ఇదేటండీ, హరికథ సెప్తన్నారా?" అంది ఇందుమతి. తన పొరపాటుకి అతని మీద కోపమొచ్చింది.

పరాయి దేశాల్లోని తెలుగు సంఘాల నాయకులకు పూర్వీకుల ఊళ్లు చూపించే కార్యక్రమం అది. 2004లో ఆ వంతు ఇందుమతి పాఠాలు చెప్పే టెక్కలి కాలేజీకి వచ్చింది. గోవింద్ తాతకు తాత సన్యాసయ్య ఈ తీరంలోనే ఓడెక్కాడట. మారిషస్‌లో ఆయన పేరే వాళ్లకి ఇంటిపేరైంది. అసలు ఇంటిపేరు, ఊరు ఎవరికీ గుర్తులేవు. పాత ఓడ కాగితం వెతికి ఫ్యాక్స్ చేస్తామన్నారు అక్కడివాళ్లు.

ఈలోగా ఇద్దరూ జీపులో ఉద్దానం ఊళ్లన్నీ తిరిగారు.

"ఏటి సూస్తున్నారు?" అని ఒకరోజు బారువ తీరాన ఇందుమతి అడిగింది.

"సముద్రము."

"సముద్రం అటేపుంది."

అతను అటు తిరిగాడు. ఆమెకెందుకో, తిరక్కపోయినా బాగుండేదనిపించింది.

తొమ్మిదోరోజు, జోరువానలో, పలాస ఎస్టీడీ బూత్‌కి ఫ్యాక్స్ వచ్చింది. ఇందుమతే ముందు చదివింది. 'సన్యాసయ్య. ఊరు డొంకూరు. సూరాడ వారి ఇల్లు.'

డొంకూరు ఆమె ఊరు. సూరాడ ఆమె ఇంటిపేరు. ఒకే ఇంటిపేరైతే అన్నాచెల్లెళ్లే.

కాగితం మడిచి హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టేస్తే ఎవరికి తెలుస్తుంది? రేపటితో అతని వీసా, ప్రయాణం, అన్నీ అయిపోతాయి. అయిపోతే మాత్రం తనకేం ఒరుగుతుంది?

"వచ్చిందా?" చూరు కింద సగం తడుస్తూ, మిరపకాయ బజ్జీ నములుతూ అడిగాడతను.

ఈ కాగితం కోసమే సముద్రం దాటి వచ్చాడు. ఇచ్చేసింది.

"మీ ఊరు! మీ ఇల్లు!" అని గంతేశాడు.

"అవునన్నయ్యా," అంది ఇందుమతి వాన వైపు చూస్తూ.

"ఇంతవరకు నేను గోవింద్‌నే కదా?"

"మీకు అర్థం కాదులెండి."

డొంకూరులో ఇందుమతి నానమ్మ బొడ్డమ్మ అతని బుగ్గలు నిమిరింది. "మా ఇంటి పిల్లడే! రా నాయినా, లోగదిలో మన ఇలవేల్పు గంగమ్మ ముంతుంది. ముట్టి దణ్ణమెట్టు."

గోవింద్ లోగది గుమ్మం దగ్గర ఆగిపోయాడు.

"లేదు అవ్వా. మా ఇంట గంగమ్మ ముంతను ఆడవారే ముట్టవలెను. మగవారు గుమ్మం బయటనే నిలుచుందురు. ఎందుకో మా తాతకు కూడా తెలియదు. సన్యాసయ్య అట్లే నిలిచేవాడట, అందుచేత మేమూ."

బొడ్డమ్మ నోటి మీద చెయ్యేసుకుంది. "ఇందూ! మనింట్లో ముంత ముట్టకుండా గుమ్మం బైట నిలబడేదెవుడే?"

"ఇల్లరికపల్లుడు..." అని ఇందుమతి అక్కడే ఆగిపోయింది.

"మరింకేటి! ఆ సన్యాసయ్య ఈ ఇంట్లో ఉన్నాడు గానీ ఈ ఇంటి కొడుకు కాడు, అల్లుడు! సూరాడోళ్లు ఆడి అత్తోరు. ఆడి ఇంటిపేరు ఏరే, అందుకే ముంత ముట్టలేదు."

గోవింద్ ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "అయితే నేను అన్నయ్యనా, కాదా?"

"కాదురా ఎర్రోడా, బావవి! దానికి వరసైనోడివి." బొడ్డమ్మ మనవరాలి మొహంలోకి చూసి, ఇంకేమీ అడక్కుండా, "కూరొండాలి" అంటూ వంటింట్లోకి పోయింది.

వాన వెలిసింది. ఇద్దరూ అరుగు మీదికొచ్చారు.

"సంఘంలో ఏమని చెప్పవలెను? ఊరు దొరికినదని మాత్రమేనా?" అన్నాడు గోవింద్.

"ఇంకేటి దొరికింది?"

"అది నువ్వు చెప్పవలెను. నా దండ కూడా రాలేదు."

ఇందుమతి తల వంచుకుంది.

"ఈసారి మనిషిని సూసి ఏత్తాను, బావా."