మూడో స్లాటు

2004 అక్టోబరు 27. ఉదయం 5.30కి గాజువాక అవతలి సిమెంటు ఫ్యాక్టరీకి డ్యూటీకని వెళ్ళిన ఎల్లాజీ మళ్ళీ ఇంటికి రాలేదు.

అసలు డ్యూటీకే రాలేదంది ఫ్యాక్టరీ. ఎవతెనో తీసుకుని భీమిలి వైపు పోయుంటాడని మేనేజర్ శ్రీరామ్మూర్తి, ఎల్లాజీ భార్య గంగాలమ్మ మొహం మీదే చెప్పి టీ తాగాడు.

గేటు దగ్గర కార్డు గీకితే లోపలికెళ్ళిన టైము, బయటికొచ్చిన టైము కంప్యూటర్లో పడతాయి. చూద్దామంటే ఆ రోజే 11.40కి అది చచ్చింది.

మూడో రోజు ఎస్సై మహేశ్వరి సర్వర్ రూముకొచ్చింది. వెనకాలే గంగాలమ్మ. అందరి చెప్పులూ బయటే విప్పించారు. దేవుడి గదికన్నా మడి ఎక్కువ.

"రెండు సర్వర్లున్నాయిగా? ఒకటి పడిపోతే రెండోది అందుకోవాలి."

"అందుకుంది మేడమ్," అన్నాడు సిస్టమ్స్ ఇన్‌ఛార్జి శ్రీనివాసరావు. "కానీ రెండిటికీ డిస్కుల పెట్టె ఒక్కటే. ఐదు డిస్కుల్లో ఒకటి పోతే మిగతా నాలుగూ నెట్టుకొస్తాయి. రెండు పోయాయి. ఖర్మ."

"బ్యాకప్ టేపు?"

"డ్రైవులో హెడ్ తుడిచే క్యాసెట్ ఉండిపోయింది మేడమ్. ఆర్నెల్లుగా ఏదీ ఎక్కలేదు."

"పోన్లెండి, శుభ్రంగా ఉంటుంది."

మహేశ్వరి వంగి పెట్టెను చూసింది. రెండు ఎర్ర లైట్లు. ఒకటో స్లాటు, మూడో స్లాటు.

"ఆయుధపూజ చేశారా?"

శ్రీరామ్మూర్తి నవ్వాడు. "మొన్న దసరాకి చేశాం. మీరు చెయ్యరా?"

"లాఠీలక్కూడా చేస్తాం. ఈ డిస్కులకి బొట్లు పెట్టిందెవరు?"

"నేనే మేడమ్," అన్నాడు శ్రీనివాసరావు. "ఒక్కటీ వదల్లేదు."

"మరి మూడోదానికేది?"

శ్రీనివాసరావు శ్రీరామ్మూర్తి వైపు చూశాడు.

"నిజంగా పోయింది ఒకటోదే. దానికి బొట్టుంది. దాని చాటున మూడోదాన్ని లాగేసి, ఎక్కడిదో పాడైన డిస్కు తెచ్చి పెట్టారు. దసరా తర్వాత. అసలుది ఎక్కడ?"

శ్రీనివాసరావు కళ్ళు టేబుల్ మీది అప్పన్న స్వామి పటం వైపు వెళ్ళాయి. పటం వెనక, వాడిన చామంతుల మధ్య ఉంది డిస్కు. బొట్టుతో సహా.

"పగలగొట్టెయ్యమన్నారు మేడమ్, సారు." ఏడ్చేశాడు. "పూజ చేసింది కదా... చేతులు రాలేదు."

"డిస్కుకి రాలేదు. మనిషికైతే..." మహేశ్వరి గంగాలమ్మ నుదుటి మీది రూపాయి బిళ్ళంత బొట్టు వైపు చూసి, ఆ మాట అక్కడే ఆపేసింది.

డిస్కు దాని స్లాటులోకి వెళ్ళింది. 12.05కి నాలుగు పచ్చ లైట్లు. సర్వర్ లేచింది. 27వ తేదీ హాజరు పట్టీ తెర మీదికొచ్చింది.

"ఎల్లాజీ. లోపలికి 5.52," చదివింది మహేశ్వరి. ఆ పక్కన 'బయటికి' గడి ఖాళీ.

గంగాలమ్మ నవ్వింది. మూడ్రోజుల్లో మొదటిసారి. శ్రీరామ్మూర్తి మొహమ్మీదికి వేలు చూపించింది.

"సూసినావా బాబూ? నా మొగుడు లేసిపోనేదు! డూటీకే ఒచ్చినాడు! ఏటన్నావు ఆయేళ?"

మహేశ్వరి తెరకి అడ్డంగా నిలబడింది. శ్రీరామ్మూర్తిని గొంతు తగ్గించి అడిగింది.

"లోపలికొచ్చిన సంగతే దాచారంటే... ఏ మిల్లులో పడ్డాడు?"

"రెండోది."

"ఆపారా?"

"ఆపితే ప్రొడక్షన్..."

కిటికీ అవతల రాళ్ళు పిండిచేసే రెండో మిల్లు గరగరా తిరుగుతూనే ఉంది.

గంగాలమ్మ నవ్వు ఇంకా తగ్గలేదు.

"మరి బయిటికి ఎన్ని గంటలకొచ్చినాడమ్మా? అదీ సూడు. అందులోనే ఉంటాది కదా."