కుడివైపు గడిలో ఎల్డెన్

మా పోర్ట్ హాల్వర్‌లో దెయ్యం ఉండేది సరస్సు ఒడ్డున కాదు, సమాధుల దొడ్లోనూ కాదు. ఊరి వెబ్‌సైట్‌లో... మొదటి పేజీ కుడివైపు గడిలో. నవ్వేవాళ్లు నవ్వుకోండి. చలికాలం పొద్దుగూకాక ఆ గడి చూడమంటే ఇక్కడి మొనగాళ్లు కూడా ఫోన్ తీసి పక్కవాడి చేతిలో పెడతారు.

సరస్సు గడ్డకట్టాక దానిమీదే మాకు రోడ్డు. అటు దీవి, ఇటు ఊరు. దారి తప్పకుండా, పండగైపోయాక పారేసిన క్రిస్మస్ చెట్లని మంచులో వరసగా పాతుతాం. ఆ రోడ్డెక్కినవాళ్లు సీటు బెల్టు పెట్టుకోరు, ఎంత చలైనా కిటికీ అద్దం ఎత్తరు. మంచు విరిగితే బయటికి దూకాలి కదా! దారి బాగుంటే ఆ గడి పచ్చగా ఉంటుంది, మూసేస్తే ఎర్రగా ఉంటుంది. కింద ఆ కబురు రాసినవాళ్ల పేరు ఉంటుంది.

ఏళ్ల తరబడి ఆ కబురు రాసినవాడు ఎల్డెన్ పెక్కలా. తన నవ్వుమొహం ఫోటో కూడా పెట్టుకునేవాడు. ఓ సాయంత్రం "తెరిచే ఉంది, రండి" అని రాసి, ఎందుకో మనసొప్పక మరోసారి చూసొద్దామని వెళ్లి, నడిమధ్యనున్న పెద్ద పగులులో పడిపోయాడు. మంచు కరిగేదాకా శవం దొరకలేదు.

అప్పట్నుంచీ మొదలైంది. టౌన్ ఆఫీసులో లోర్నా రోడ్డు మూసేసి గడి ఎర్రగా మారుస్తుంది. ఒకరికి ఎర్రగానే కనబడుతుంది. ఇంకొకరు అదే పేజీ తెరుస్తారు — పచ్చగా! ఎల్డెన్ నవ్వుమొహం! "తెరిచే ఉంది, రండి..."

తోడు కోసం పిలుస్తున్నాడన్నారు. నేనూ అన్నాను. ఎల్డెన్ కనిపిస్తే ఎక్కడివాళ్లు అక్కడే ఆగిపోయి, ఆ రాత్రికి ఎవరింట్లోనో తలదాచుకోవడం ఊరికి అలవాటైపోయింది. దెయ్యం ఉన్నన్నాళ్లూ ఆ రోడ్డుమీద ఒక్క ప్రాణం పోలేదు.

మరిట్ టోర్గెర్సన్ మా ఊరి పిల్లే. మినియాపొలిస్‌లో ప్రోగ్రామర్. సెలవులకి తమ్ముడు లైల్ ఇంటికి వచ్చి, ఈ కథ విని పగలబడి నవ్వింది. లైల్ దీవిలో నీళ్ల పైపులు బాగుచేస్తాడు. రోజూ ఆ మంచుమీదుగానే ఇంటికి రావాలి. అది గుర్తొచ్చేసరికి ఆమె నవ్వు కాస్తా కోపమైంది. "నా తమ్ముడు రోడ్డెక్కాలో వద్దో చచ్చినవాడు చెప్పాలా?" అంటూ టౌన్ ఆఫీసుకెళ్లి, తన పేరుతో లాగిన్ ఇప్పించుకుని లోర్నా పక్కన కూర్చుంది.

ఆ మధ్యాహ్నమే పగులు నోరు తెరిచింది. లోర్నా అప్పటికే గడిని ఎర్రగా మార్చింది.

ఆ తర్వాతది లోర్నా చెబితే విన్నాను.

కాసేపు కీబోర్డుమీద టకటకలాడి మరిట్ వేళ్లు ఆగాయట.

"దొరికాడు మీ ఎల్డెన్."

"ఎక్కడే?" లోర్నా గుసగుసలాడింది.

"చర్చి విందులో మనిషికోసారి వండుతామా పిన్నీ? ఒకసారి వండి అందరికీ అదే వడ్డిస్తాం. ఈ పేజీ కూడా అంతే. ముక్కలుముక్కలుగా ముందే వండి దాచుకుంటుంది. కబురు మారితే పాత ముక్క పారబోసి మళ్లీ వండాలి. మీ పేజీని వడ్డించే సర్వర్లు రెండు. పారబొయ్యమన్న మాట ఒకదానికే వెళ్తోంది. రెండోది పాచిపోయిన ఎల్డెన్‌నే వడ్డిస్తోంది."

"మరి... ఆత్మ?"

"ఆత్మా లేదు, గీత్మా లేదు."

రెండో సర్వర్లో దాగిన పాత ముక్కలన్నీ ఊడ్చేసింది. ఇకమీదట పారబొయ్యమన్న మాట రెండింటికీ అందేలా రెండు లైన్ల కోడ్ రాసింది. పనిచేస్తోందో లేదో చూడాలిగా? చూసింది — వేరే ఎక్కడా కాదు, ఊరంతా చూసే ఆ పేజీలోనే. "తెరిచే ఉంది" అని కొట్టి నొక్కింది. గడి పచ్చబడింది.

లోర్నా కుర్చీలోంచి లేచింది. "ఒసేయ్, రోడ్డు మూసుందే!"

"టెస్టు పిన్నీ... ఒక్క క్షణం."

"మూసేశాం" అని నొక్కింది. ఎరుపు. పేజీ మళ్లీ తెరిచింది. ఎరుపే. లోర్నా తన కంప్యూటర్లో చూసింది. అక్కడా ఎరుపే. దెయ్యం వదిలిందని ఇద్దరూ కాఫీ పోసుకున్నారు.

అంత తెలిసిన పిల్ల ఒక్కటి మరిచిపోయింది. రెండో సర్వర్ని ఓసారి ఆపి మళ్లీ లేపితేగానీ ఆ కొత్త లైన్లు దానికెక్కవు. ఆ ఆఫీసులో కూర్చుని ఎన్నిసార్లు చూసినా బదులిచ్చేది మొదటిదే. గడి పచ్చగా ఉన్న ఆ ఒక్క క్షణంలోనే దీవిలో ఎవరో పేజీ తెరిచారు. ఊడ్చి ఖాళీగా ఉన్న రెండో సర్వర్ వేడివేడిగా ఓ పచ్చ ముక్క వండి దాచుకుంది. దాన్ని పారబొయ్యమని చెప్పే దిక్కు లేదు.

బయట చీకటి పడింది. ఫోన్ మోగింది... లైల్.

మరిట్ నవ్వుతూ స్పీకర్ పెట్టింది. "ఒరేయ్, మీ ఎల్డెన్‌ని తోలేశాన్రా!"

అవతల గాలి. కిటికీలోంచి కొడుతున్న గాలి...

"ఎక్కడున్నావురా?"

"దారిలో అక్కా. సగం చెట్లు దాటేశా. ఆకలేస్తోంది, ఆ సూపేదో వేడిచేసి పెట్టు."

లోర్నా కప్పు కింద పెట్టేసింది.

"లైల్... రోడ్డు మూసుంది. వెనక్కి తిప్పు. ఇప్పుడే తిప్పు!"

"మూసుండడమేంటి? చూసే బయల్దేరా. పచ్చగా ఉంది."

"అది ఎల్డెన్ రా! వాడి మొహం చూసి కూడా ఎలా —"

"ఎల్డెన్ ఉంటే కదుల్తానా? నీ పేరుందక్కా కింద."

ఆ తర్వాత గాలి హోరు ఠక్కున ఆగిపోయింది. మాట లేదు, కేక లేదు.

మరిట్ ఫోన్ చెవికి నొక్కిపట్టుకునే, రెండో చేత్తో ఆ పేజీని మళ్లీ మళ్లీ తెరుస్తూ కూర్చుందట. తెరిచిన ప్రతిసారీ గడి ఎర్రగానే వచ్చిందట.