మైకుకు చిక్కిన మాట

“థేయర్ గారూ, కెమెరా తిరుగుతున్నంతసేపూ మీరు నోరు తెరవకూడదు,” అన్నాడు సౌండ్ ఇంజనీరు గ్రోవర్.

“నోరు మూసుకుని డైరెక్షన్ చేయడానికి నేనేమన్నా చెట్టునా?”

“చెట్టయినా ఫరవాలేదు, ఆకులు కదలనంతవరకు.”

సినిమాకు మాటలొచ్చిన ఆ ఏడాది హాలీవుడ్‌లో నటుల నోళ్ళన్నీ తెరుచుకున్నాయి. డైరెక్టర్ల నోళ్ళు మూతపడ్డాయి. మూకీల రోజుల్లో ఆరిన్ థేయర్ కెమెరా పక్కన నిలబడి, “తలెత్తు, నవ్వకు, ఇప్పుడు ఏడువు” అంటూ షాటు పొడుగునా మాట్లాడుతూనే ఉండేవాడు. అతని వెనుక సిబిల్ క్రేన్ వయొలిన్ వాయించేది. నటులకు కన్నీళ్ళు తెప్పిస్తున్నది తన ఆదేశాలా, ఆమె వయొలిన్ కమానా అన్న ప్రశ్నను అతడు ఎంతో నిష్పక్షపాతంగా పరిశీలించి, కమానేనని ఎన్నడో తేల్చుకున్నాడు. ఆ మాట ఆమెతో మాత్రం అనలేదు.

టాకీలు వచ్చాక సెట్‌లో వయొలిన్‌కు చోటు లేకుండా పోయింది. సిబిల్ డెన్వర్‌లో సంగీతం నేర్పడానికి ఒప్పుకున్నది. ఆ సాయంత్రమే రైలు. వీడ్కోలు చెప్పడానికి వచ్చింది.

“కూర్చోండి, మిస్ క్రేన్. ఊపిరి మాత్రం గ్రోవర్‌ను అడిగి పీల్చండి.”

“మీరు పీలుస్తున్నారా?”

“అతను దయతలచినప్పుడు.”

ఆమె నవ్వింది. ఇప్పుడైనా చెప్పాలనుకున్నాడు ఆరిన్. “డెన్వర్‌లో చలి ఎక్కువట,” అన్నాడు.

“కోటు ఉంది.”

షాటు మొదలైంది. ఊరు విడిచి వెళ్తున్న అమ్మాయిని హీరో డెక్స్టర్ ఆపాలి. కానీ ఇన్నేళ్ళూ ఆరిన్ గొంతు వింటూ నటించినవాడు, ఆ నిశ్శబ్దంలో కొయ్యబారిపోయి డైరెక్టర్ వైపు చూశాడు. ఆరిన్ చూపు అతణ్ణి దాటి సిబిల్ మీద నిలిచింది. అలవాటు కొద్దీ పెదవులు కదిలాయి. కదిలిన సంగతి అతనికే తెలియలేదు.

“ఆపండి,” అంటూ గ్రోవర్ అద్దాల గదిలోంచి బయటికి వచ్చాడు. “టేకు పాడైంది. మైనపు రికార్డు ఒకసారి వినిపిస్తే చెడిపోతుంది; ఇది ఎలాగూ పనికిరాదు కనుక వినిపిస్తాను. తప్పెవరిదో వాళ్ళకే తెలుస్తుంది.”

లౌడ్‌స్పీకర్‌లో ఆరిన్ గొంతు పలికింది.

“ఆమెను వెళ్ళనివ్వకు. చెప్పు. జనం నా పనితనమని మెచ్చుకున్నదంతా నీ చేతి చలవేనని చెప్పు. ఒక్కసారైనా థాంక్స్ అనలేదని ఒప్పుకో. నువ్వు లేని సెట్‌కు రేపెలా రావాలో తెలియడం లేదని చెప్పు. సిబిల్, వెళ్ళకు.”

డెక్స్టర్ తన కాగితాలు తిరగేశాడు. “హీరోయిన్ పేరు మార్చినట్టు నాకెవరూ చెప్పలేదే.”

సిబిల్ లేచి ఆరిన్ దగ్గరకు వచ్చింది. “ఇది డెక్స్టర్‌కు చెప్పారా, నాకా?”

“డెక్స్టర్ వయొలిన్ వాయించడు.”

“నా వయొలిన్ మీరు వింటున్నారనే అనుకోలేదు. షాటంతా మీరే మాట్లాడేవారుగా.”

“మాట ఆపితే నీవైపే చూస్తూ నిలబడిపోతానని భయం.”

ఆమె చేతి తొడుగులు తీసి అతని చేతిలో పెట్టింది. “ఇవి పట్టుకోండి. రావడం లేదని డెన్వర్‌కు టెలిగ్రాం ఇచ్చి వస్తాను.”

“థాంక్స్,” అన్నాడు ఆరిన్.

ఆ మాట ఏ యంత్రమూ పట్టలేనంత మెల్లగా వచ్చింది. ఆమెకు వినబడింది.