జత కుదరని కీబోర్డు

"హలో, కంప్యూటర్ రిపేరు షాపేనా అండీ? పొద్దుట్నుంచి చూస్తున్నాను, జత కుదరడం లేదండీ."

ఫోనెత్తింది షాపు ఓనరుగారి తల్లి. కింద షాపు, పైన ఇల్లు. షాపులో ఎవరూ తీయకపోతే ఫోను పైకి మోగుతుంది. పైన మోగిన ఫోనుని ముసలావిడ ఎప్పుడూ వదిలిపెట్టదు.

"అయ్యో, పొద్దుట్నుంచి చూసి కుదర్లేదంటే ఎలా బాబూ? కాస్త ఓపిక పట్టాలి. ఎలా ఉంటుందేమిటి?"

"నల్లగా, సన్నగా ఉంటుందండీ. అసలు చప్పుడు చెయ్యదు. అందుకే ఏరికోరి తెచ్చుకున్నా."

"మంచిదేగా! మరేమిటి గొడవ?"

"కాసేపు బాగానే ఉంటుందండీ. ఉన్నట్టుండి పలకడం మానేస్తుంది. ఎదురుగా కూర్చున్నా పలకదు."

"అలక నాయనా. బుజ్జగించాలి."

"బ్యాటరీలు కూడా మార్చి చూశానండీ."

ముసలావిడ ఫోనుని రెండో చెవికి మార్చింది. "ఏం మార్చావూ?"

ఇంతలో ఎవరో ఫోను లాక్కున్నారు. "సారీ అండీ, మా నాయనమ్మ. వైర్‌లెస్ కీబోర్డు, మౌస్ సెట్టేనా? పట్రండి, చూస్తాను."

తప్పు నాయనమ్మది కాదు. పెయిరింగ్ అనే మాటని ఆ షాపులో 'జత చెయ్యడం' అంటారు. సెట్టు అమ్మిన రోజు ఫోను లాక్కున్న ఈ ఓనరుగారి అమ్మాయే అతనికి చెప్పి పంపింది, కంప్యూటర్‌కి రిసీవర్ పెట్టి, మౌస్ కింద బటన్ నొక్కిపట్టి జత చేసుకోండి అని. అతను బుద్ధిగా ఆ మాటే వాడాడు.

అతను వీడియో ఎడిటర్. రెండు వీధుల అవతల ఒకే గది స్టూడియో. సంచిలో కీబోర్డు, మౌస్ వేసుకుని వచ్చేసరికి ఆ అమ్మాయి రిపేరు బల్ల వెనక కూర్చుని ఉంది. జుట్టు ముడిలో స్క్రూడ్రైవర్ దోపుకుంది. వీధివాళ్ళు ఆమెని డాక్టరమ్మ అంటారు. ఆ పిలుపుకి ఆమె ఏమాత్రం సిగ్గుపడదు.

కీబోర్డు సంకేతాలు అందుకునే గోరంత రిసీవర్‌ని తన కంప్యూటర్‌కి గుచ్చింది. టైపు చేసింది. అక్షరాలు గలగలా పడ్డాయి. మౌస్ తిప్పింది. బాణం గుర్తు చెప్పిన చోటికల్లా వెళ్ళింది.

"ఏమైందండీ దీనికి? బంగారంలా ఉంది."

"మా గదిలో మొండికేస్తుందండీ, ఒట్టు!"

"అయితే మీ గదంటే పడదేమో." నవ్వాపుకుంటూ సెట్టింగులు సరిచేసి, కొత్త బ్యాటరీలు వేసి ఇచ్చింది.

గదికి వెళ్ళాక గంటలోపే బాణం గుర్తు తడబడింది, కీబోర్డు మూగబోయింది. ఎడిటర్ తల పట్టుకున్నాడు. పట్టుకున్నాడు గానీ, మళ్ళీ షాపుకి వెళ్ళాలన్న ఆలోచన వచ్చేసరికి అద్దంలో జుట్టు సరిచూసుకున్నాడు. మనిషన్నాక ఆమాత్రం ఉంటుంది.

అలా మళ్ళీ వెళ్ళాడు, మళ్ళీ మళ్ళీ వెళ్ళాడు. షాపులో అది ముత్యంలా పనిచేస్తుంది. స్టూడియోలో సతాయిస్తుంది. ఎదురు షాపు టైలర్ అతను కనబడగానే "ఇవాళ మౌస్‌కి జ్వరమా, కీబోర్డుకి జలుబా?" అని అడగడం మొదలుపెట్టాడు. మొదట్లో డాక్టరమ్మ కూడా నవ్వింది. తర్వాత నవ్వడం మానేసింది.

ఎందుకంటే ఆ రిపేరు బల్ల ఆమెకి తేలిగ్గా వచ్చింది కాదు. అంతకుముందు దాని వెనక వాళ్ళ నాన్న కూర్చునేవాడు. ఆడపిల్లకి రిపేరు పని ఎందుకని చుట్టాలంతా బుగ్గలు నొక్కుకున్నా ఆయన కూతుర్నే కూర్చోబెట్టి, తను అమ్మకాల కౌంటరుకి మారాడు. ఒకే ఒక్క మాటన్నాడు. "నువ్వు బాగుచేసింది తిరిగి రాకూడదు తల్లీ. వస్తే బల్ల మళ్ళీ నేను తీసుకుంటా." అప్పట్నుంచి ఏదీ తిరిగి రాలేదు, ఈ నల్ల కీబోర్డు తప్ప.

ఆ రోజు ఎడిటర్ సంచిలోంచి కీబోర్డు, మౌస్ తీసి బల్ల మీద పెట్టగానే నాన్న ఇక ఊరుకోలేక కౌంటర్ దాటి వచ్చాడు. షాపు నిండా కస్టమర్లు. మెట్ల మీద నాయనమ్మ.

"బాబూ, నిజం చెప్పు. ఇది మళ్ళీ ఆగిపోయిందా? ఆగిపోతే మా అమ్మాయి వల్ల కాలేదన్నమాట. నేను కూర్చుంటాను."

ఎడిటర్ బల్ల వెనకవైపు చూశాడు. ఆమె లేచి నిలబడి ఉంది. పెదవులు బిగపట్టింది. కళ్ళు మాత్రం దించలేదు.

"లేదండీ," అన్నాడు. "కీబోర్డు బాగానే ఉంది. నేను మీ అమ్మాయిని చూడ్డానికే వస్తున్నాను."

ఎదురు షాపులోంచి వింటున్న టైలర్ చేతిలో కత్తెర కింద పడింది. నాయనమ్మ "ఫోనులోనే అనుకున్నా!" అంది. డాక్టరమ్మ మొహం ఎర్రబడింది. అది సిగ్గు కాదు, కోపం. కీబోర్డు తీసి అతని చేతుల్లో పెట్టింది. "నా పనిని సాకుగా వాడుకున్నారా? ఇంకెప్పుడూ రాకండి."

అతను తలూపి వెళ్ళిపోయాడు. హడావిడిలో మౌస్ బల్ల మీదే ఉండిపోయింది.

ఆమె దాన్ని విసిరికొట్టబోయి ఆగింది. వెనక బ్యాటరీ మూత వదులైపోయి ఉంది. తీసి తీసి కొక్కెం అరిగిపోయింది. ఆ రోజంతా పని మధ్యలో దాన్నే చూస్తూ కూర్చుంది. నాటకమాడేవాడు ఇన్నిసార్లు బ్యాటరీలు మార్చుకోడు. మర్నాడు ఉదయం ఆ మౌస్, పనిముట్ల సంచి తీసుకుని, గొడుగు వేసుకుని అతని స్టూడియోకి బయల్దేరింది. వాన గొడుగుని లెక్కచెయ్యకుండా పక్కనుంచి తడిపేసింది.

స్టూడియో తలుపు తీసిన ఎడిటర్ నోరు వెళ్ళబెట్టాడు.

"అలా చూడకండి. ఇదిగో మీ మౌస్. మీ పని మీరు చేసుకోండి. నేను లేననుకోండి."

"ఎలా అనుకోవాలండీ అలాగ?" అంటూనే కూర్చున్నాడు. కాసేపు అంతా సవ్యంగా సాగింది. షూటింగ్ ఫైళ్ళున్న హార్డ్ డిస్క్ తీసి కంప్యూటర్ వెనక, రిసీవర్ పక్క పోర్టులో పెట్టాడు. బాణం గుర్తు తడబడింది.

"ఆగండి! ఆ డిస్క్ తీసేయండి."

తీశాడు. బాణం సాఫీగా నడిచింది.

"పెట్టండి." తడబడింది. "తీయండి." నడిచింది.

ఆమె బల్ల మీద గట్టిగా చరిచి నవ్వింది. "దొరికింది! చెవి పక్కనే ఒకళ్ళు అరుస్తుంటే, దూరం నుంచి పిలిచేవాళ్ళ మాట వినబడుతుందా? ఈ డిస్క్ వదిలే సిగ్నళ్ళ రొదలో పాపం రిసీవర్‌కి కీబోర్డు మాట వినబడట్లేదు. మా షాపులో ఈ డిస్క్ లేదు, అందుకే అక్కడ బంగారం." సంచిలోంచి ఎక్స్‌టెన్షన్ వైరు తీసి, రిసీవర్‌ని దాని కొసకి పెట్టి, ఆ కొసని కీబోర్డు దగ్గరికి లాగింది. డిస్క్ మళ్ళీ పెట్టించింది. అది తిరుగుతూనే ఉంది, అక్షరాలు పడుతూనే ఉన్నాయి.

అప్పుడు అతని వైపు తిరిగింది. "ఇంతలా ఆగిపోతుంటే బాగానే ఉందని అబద్ధం ఎందుకాడారు?"

"మిమ్మల్ని బల్ల దగ్గర్నుంచి లేపేస్తారని."

"నా బల్ల నేను నిలబెట్టుకోలేనా? మీరు జాలిపడి నిలబెడితే నిలిచే పేరు నాకెందుకండీ? పదండి షాపుకి."

తడుస్తూనే వెళ్ళారు. షాపులో అందరి ముందూ ఆమె గొంతు తగ్గించకుండా చెప్పింది. "నాన్నా, కంప్లయింట్ నిజమే. నేను ఇక్కడే చూసి పంపాను, వాళ్ళ గదికి వెళ్ళి చూడలేదు. తప్పు నాదే. ఇవాళ వెళ్ళి పట్టుకున్నాను. ఇంక బల్ల మీ ఇష్టం."

ఎలా పట్టుకుందో నాన్న అడిగి అడిగి చెప్పించుకున్నాడు. రెండోసారి చెప్పించుకున్నది మాత్రం కస్టమర్లు వినాలనే. "నేనైతే కొత్త సెట్టు చేతిలో పెట్టి పంపేసేవాణ్ణి," అన్నాడు చివరికి.  "కూర్చోమ్మా. నీ చోట్లో నువ్వు కూర్చో." తర్వాత ఎడిటర్ వైపు తిరిగాడు. "అయితే బాబూ, నిన్న నువ్వు చెప్పింది అబద్ధమన్నమాట."

"సగమేనండీ. కీబోర్డు బాగానే ఉందన్న సగం."

 బల్ల వెనక నుంచి ఆమె అంది, "ఆ రెండో సగం మా నాన్నకి చెప్పారేం? నాకు కదా చెప్పాలి?"

ఎడిటర్ బల్ల ముందుకి వచ్చాడు. "మీరంటే నాకు ఇష్టమండీ. ఇందాక తప్పు నాదేనని తలెత్తుకుని చెప్పారు చూడండి, అప్పుడైతే మీ పక్కన నిలబడ్డందుకే నాకు గర్వంగా అనిపించింది."

ఆమె జుట్టులోంచి స్క్రూడ్రైవర్ తీసింది, మళ్ళీ పెట్టుకుంది.

"తొందరేం లేదమ్మా," అన్నాడు నాన్న. "అన్నీ చెక్ చేసుకున్నాకే చెప్పు."

"చేశాను నాన్నా," అంది, ఈసారి నిజంగానే సిగ్గుపడుతూ. "పనికొస్తాడు."

ఎవరెవరి నుంచో ఎన్నెన్నో మెప్పులు అందుకున్నాడు గానీ, ఎడిటర్ జీవితంలో ఎప్పుడూ అంత నిటారుగా నిలబడలేదు.