మంత్రి గుమ్మానికి వేపమండ

శత్రుశిబిరపు పొగలు నల్లగుండు దుర్గాన్ని నలుదిక్కులా కమ్మిన యాభైయవ దినాన, అన్నానికే నెయ్యి కరువైన ఆ కోటలో, సేనాని చెవ్వసాహిణి ఉన్న కాస్త నెయ్యినీ మీసానికి పట్టించి మెలివేశాడు. అది సోకు కాదనీ, నిలబడ్డ మీసాన్ని చూసి భటులు నిలబడతారనీ, కనుక అదీ రాజసేవయేననీ ఆయన గట్టి నమ్మకం.

వెలుపల శత్రువు, లోపల మసూచి. రోగి ఉన్న ఇంటికి వేపమండ కట్టి, ఆ ఇంటివారు నలభై దినాలు గడప దాటరాదని శాసనం చేయించినవాడు సాహిణి. దానిపై రాజముద్ర వేయించినవాడు మంత్రి మల్లెనామాత్యుడు. మొదట కుమ్మరివీధి తలుపులకు బయట గడియలు పడ్డాయి.

ఆ ఉదయం ఒక తలుపు వెనుక నుంచి కుమ్మరి ఏరమ అరిచింది. "దొరా! మా ఆయన పోయి రెండు దినాలయింది. శవాన్నైనా తీయించు! మండలన్నీ మా వీధికేనా? పెద్దోళ్ల గుమ్మాలు అమ్మవారికి కనపడవా?"

"శాసనం అందరికీ ఒకటేనమ్మా," అన్నాడు సాహిణి. శవాన్ని తీయించాడు. గడియ మళ్లీ వేయించాడు.

మధ్యాహ్నం సేన కోట వెలువడి శత్రువుపై పడాలి. ఆచారం ప్రకారం రాజు పక్షాన మంత్రి ఇచ్చిన తాంబూలాన్ని సేనాని తన చేత్తో దళపతులకు పంచాలి. అందుకుంటూనే సాహిణి చూశాడు: మంత్రి గోళ్ల సందున వేపాకు, పసుపు నూరిన ముద్ద. మసూచి పొక్కులకు పూసేది.

"అమాత్యా, ఇంట ఎవరికి?"

"మనవడికి." మంత్రి గొంతు తగ్గించాడు. "నా గుమ్మమున మండ కట్టినచో పురమునకు గుండె జారదా? శాసనము ప్రజల కొరకు, సేనానీ. మనము దానిని చేసినవారము. తాంబూలము పంచుము. నీవు లేని సేన సాయంకాలము వరకు నిలువదు."

అది అబద్ధం కాదు, సాహిణిని పీడించినదీ అదే. పంచితే కోట దక్కవచ్చు. కానీ పదిమంది దళపతుల వెంట రోగం ప్రతి వాడకూ చేరుతుంది.

తాంబూలాన్ని పక్కనున్న హోమగుండంలో పడవేసి గర్జించాడు. "దళపతులారా, దగ్గరకు రాకండి! అమాత్యుల గుమ్మానికీ, ఆ తాంబూలం తాకిన నా గుమ్మానికీ మండలు కట్టండి. గడియ వేయండి. నేను తెరవమన్నా తెరవకండి!"

"నన్ను బంధింతువా? రాజద్రోహీ!"

"ఇంటికి నడుస్తూ తిట్టండి స్వామీ. పొద్దు పోతోంది."

సాయంకాలానికి ఉత్తరద్వారం కూలింది. కోట పోయింది. అయితే మంత్రి గుమ్మాన మండ చూసిన జనం రోగులను దాచడం మానారు. మసూచి మూడు వీధులు దాటలేదు. మనవడు బతికాడు, మంత్రి బతకలేదు.

నలభై దినాల తరువాత శత్రుభటులు గడియ తీసి సాహిణిని సంకెళ్లతో కుమ్మరివీధి మీదుగా నడిపించారు. మచ్చలు పడిన ఆ ముఖాన మీసం లేదు. ఏరమ గుమ్మంలో నిలబడి ఉంది.

"మాటమీద నిలబడ్డావు దొరా," అంది. "కానీ గడియ వేసేముందు ఒక్కమాట చెప్పి అడిగుంటే, మేమే లోపలుండేవాళ్లం కామా?"

సాహిణి తల వంచుకున్నాడు. తలుపు మూయించడం ఆయనకు తెలుసు. మూసేముందు ఎలా అడగాలో ఇంకా నేర్చుకోలేదు.