పాలు లేని చీజ్ కేకు

ఉదయం ఎనిమిదింటికి నెహామా తల్లి ముందు పళ్లెం పెట్టింది. ఇజ్రాయెల్‌లోని హైఫాలో వాళ్ల వీధి వీధంతా మెచ్చుకున్న చీజ్ కేకు అది, గిటెల్ గారి చేతి వంట. ఇప్పుడు చెయ్యి మాత్రం కూతురిది. గిటెల్ దాని వంక ఆశగా చూసింది, దగ్గరికి తీసుకుని వాసన చూసింది. అంతలోనే పక్కకి జరిపేసింది.

"ఇప్పుడేగా కోడి సూప్ తాగాను. ఇంకా ఆరు గంటలు ఆగాలి."

ఆవిడ కోడి ముట్టి నాలుగు రోజులైంది. మాంసం తిన్నాక ఆరు గంటలదాకా పాలూ చీజూ ముట్టకూడదన్న యూదుల నియమం మాత్రం ఎనభై నాలుగేళ్ల బుర్రలో గట్టిగా పాతుకుపోయింది. మిగతావన్నీ, కన్నకూతుళ్ల మొహాలతో సహా, చెరిగిపోయాయి. ఇంకో రెండు కిలోలు తగ్గితే ముక్కులో గొట్టం వెయ్యాల్సిందేనని డాక్టరు చెప్పేశాడు. ఆవిడ ఆశగా చూసేది ఈ ఒక్క కేకునే, దాన్నీ తినదాయె!

అందుకే నెహామా పాలు లేని చీజ్ వేట మొదలుపెట్టింది. సోయా చీజ్‌తో చేస్తే రబ్బరులా సాగింది. జీడిపప్పు నానబెట్టి రుబ్బితే గట్టిపడనే లేదు. కొబ్బరిపాలతో చేస్తే కొబ్బరి తప్ప ఇంకో వాసన లేదు. మూడూ తల్లి నోట్లోంచి రుమాల్లోకే వెళ్లాయి. నెహామాకి దిక్కు తోచలేదు.

మూడోరోజు మధ్యాహ్నం అక్క జెహావా వచ్చింది. వంటింటి అవతారం చూసి ఆమెకి ఒళ్లు మండిపోయింది. అసలు కేకే పెట్టి, ఇందులో పాలు లేవని ఒక్క మాట అంటే పోయేదానికి ఈ గోలంతా ఎందుకంది. అమ్మ మాంసం తిననే లేదు, ఇక తప్పెక్కడిదంది.

"తప్పు గురించి కాదక్కా. అమ్మకి మిగిలిందే ఆ ఒక్క నియమం. అబద్ధమాడి అదీ లాక్కోమంటావా?"

"అయితే నీ నిజాయితీనే పెట్టు, కడుపు నిండుతుంది."

నెహామా గరిటె కింద పెట్టి, మొహం చేతుల్లో దాచుకుని భోరుమంది.  జెహావా కోటు విప్పి కుర్చీకి తగిలించి, జీడిపప్పులో సోయా కలిపి రుబ్బడం మొదలుపెట్టింది. నెహామా కళ్లు తుడుచుకుని నిమ్మచెక్కు తురిమింది. ఇద్దరూ కలిసి ఆ ముద్దని గుడ్డలో కట్టి వేలాడదీశారు.

మర్నాడు ఆ చీజ్‌తో కేకు చేసి, నెహామా ఒక ముక్క కోసి తల్లి ముందు పెట్టింది.

"పాలు లేవమ్మా ఇందులో. ఒట్టు."

గిటెల్ ఒక చెంచాడు నోట్లో పెట్టుకుంది. చాలాసేపు నమిలింది. మొహం ముడుచుకుంది.

"చీజ్ కుదర్లేదు. ఎవరు చేశారండీ?"

నెహామా మంచినీళ్ల గ్లాసు తల్లి దగ్గరికి జరిపింది. "ఒకమ్మాయి చేసిందమ్మా," అంది.

గిటెల్ ముందుకి వంగి గొంతు తగ్గించింది. "పాపం, తల్లి లేని పిల్ల కాబోలు. పక్కన నిలబడి నేర్పేవాళ్లు లేక ఇలా అయింది. బాగాలేదని మాత్రం అనకండి, చిన్నబుచ్చుకుంటుంది."

అని, ఆ ముక్కంతా తినేసింది. ప్రతి చెంచాకీ మంచినీళ్లు తాగుతూ, కష్టపడి మింగుతూ, పళ్లెం ఖాళీ చేసింది. జెహావా గోడవైపు తిరిగి కొంగలా మెడ వంచుకుని ఏడుస్తోంది.

"అంతా తిన్నానని చెప్పండి ఆ పిల్లకి," అంది గిటెల్.

నెహామా తల్లి చేతిలోంచి చెంచా అందుకుంది. "చెప్తానమ్మా," అంది.