పిచ్చుక గౌను

ఆ ఇంట్లో పొద్దున్నే కుట్టుమిషన్ చప్పుడు వినిపించడం మామూలే. నలభై ఏళ్ళుగా నానమ్మ ఆ మిషన్ తొక్కే ఇల్లు నడిపింది, కొడుకుని పెంచింది. వీధిలో అందరి కొలతలూ ఆవిడకు నోటికి వచ్చు. మనవరాలి కొలత ఒక్కటే ఎవరికీ చెప్పేది కాదు.

ఆ పిల్ల నెలలు నిండకుండా, గుప్పెడంత పుట్టింది. దక్కుతుందో లేదో అన్నారు. అందుకే పిచ్చుక అని పేరు పడింది. నానమ్మ ముద్దకో కథ చెప్పి, కళ్ళలో వత్తులు వేసుకుని పెంచుకొచ్చింది. ఇప్పుడు దానికి తొమ్మిదేళ్ళు, బొద్దుగా ముద్దొస్తుంటుంది. బడి గౌను బిగుతైనప్పుడల్లా నానమ్మ గుట్టుగా పక్క కుట్లు విప్పి, లోపల మడిచిన గుడ్డ కాస్త వదిలి, మళ్ళీ కుట్టేసేది.

ఆ రోజు ఊడిన హుక్కు కుడదామని కోడలే గౌను అందుకుంది. తిరగేసి చూస్తే పక్కన మూడు వరుసల సూది బెజ్జాలు. వదలడానికి ఇక గోరంత గుడ్డ కూడా లేదు.

"మూడుసార్లు వదులు చేశారా అత్తయ్యా?"

"ఎదిగే పిల్ల కదమ్మా."

"మరి పొడవు కోసం కింద అంచు ఒక్కసారీ విప్పలేదేం?"

చెబితే పిల్ల కంచం దగ్గర కాపలా కూర్చుంటావని చెప్పలేదని, నానమ్మ గొణిగింది.

కోడలు గొంతు పెంచలేదు. అందుకే నానమ్మకు ఇంకా భయం వేసింది. నిన్న జరిగింది చెప్పింది. బడిలో మెట్లెక్కుతూ పిల్ల ఊపిరాడక మధ్యలో కూర్చుండిపోయిందట. తోటిపిల్లలు నవ్వుతారని బూటు తాడు ఊడిందని చెప్పిందట. నిన్న సాయంత్రమే డాక్టరమ్మ చూసి, జబ్బేమీ లేదు, ఇంటిల్లిపాదీ తిండి తీరు మార్చుకోండి అందట.

కొడుకు బేకరీలో పనిచేస్తాడు. నోట్లో బన్నుతోనే, అమ్మనేమీ అనకు అన్నాడు. కోడలు అటు తిరిగింది. మిగిలిన క్రీమ్ బన్నులు సంచీ నిండా మోసుకొచ్చేది ఎవరని అడిగింది. ఆ ఊపులోనే తననూ కలుపుకుంది. పిల్ల చేతికి ఫోనిచ్చి, తాను నిలబడే నాలుగు మెతుకులు మింగేసేది తనే కదా అంది.

గుమ్మంలో పిచ్చుక నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో ఎవరూ చూడలేదు.

"నానమ్మని ఏమీ అనకమ్మా. కడుపు నిండినా నేనే తింటాను. వద్దంటే నానమ్మ కళ్ళు తుడుచుకుంటుంది."

నానమ్మ పిల్ల వైపు తిరిగింది. పిల్ల ఆకలి తీర్చడానికే పెడుతున్నాననుకుంది ఇన్నాళ్ళూ. ఆ గుప్పెడు ప్రాణం ఎక్కడ జారిపోతుందోనన్న తన భయానికి పెడుతోందని ఇప్పుడు తెలిసింది. పాపం, ఆ భయాన్ని పసిది ముద్ద ముద్దగా మింగుతోంది.

మిషన్ ముందు నుంచి లేచి కోడలి చెయ్యి పట్టుకుంది.

"దాన్ని ఒక్కదాన్నే పత్యం పెట్టి విడిగా కూర్చోబెట్టకమ్మా. ఏది తిన్నా అందరం అదే తిందాం."

"మీరు తోడు లేకపోతే నా వల్ల కాదత్తయ్యా," అంటూ కోడలు ఆవిడ భుజం మీద తల వాల్చేసింది.

సాయంత్రం కొడుకు బన్నుల సంచీ లేకుండా, అరటిపళ్ళు పట్టుకుని వచ్చాడు. ఫోన్లు అలమరలోకి పోయాయి. నలుగురూ కలిసి కూర్చున్నారు. పిచ్చుక తన కంచంలో తానే వడ్డించుకుంది. బీన్స్ కూర నోట్లో పెట్టుకుని గడ్డిలా ఉందంది. తనకూ అలాగే ఉందనీ, ఇద్దరూ కలిసి నమిలితే తొందరగా అయిపోతుందనీ నానమ్మ అనేసరికి కోడలికి నవ్వాగలేదు.

నవ్వుల్లోనే అలవాటు కొద్దీ నానమ్మ చెయ్యి అన్నం గిన్నె మీదికి పోయింది. పిచ్చుక ఒక్క క్షణం ఆగి, పొట్ట మీద చెయ్యి వేసి చూసుకుంది.

"చాలు నానమ్మా."

నానమ్మ గరిటె గిన్నెలో పెట్టేసింది.

"చాలంటే చాలు తల్లీ. లేచి చెయ్యి కడుక్కో."

పిచ్చుక వెంటనే లేవలేదు. ఆవిడ మొహంలోకి పరీక్షగా చూసింది. నమ్మకం కుదిరాక లేచి పంపు దగ్గరికి పరుగెత్తింది. అది అటు తిరిగేదాకా ఆగి, అప్పుడు తుడుచుకుంది నానమ్మ కళ్ళు.